గట్టి మాంసం, ఎండుమిరప, సన్నని సెగ

మునగాలలో గానీ కోదాడలో గానీ ఒక కూరగాయల కొట్టు ముందు నిలబడి చూడండి. టమాటాలు, పచ్చిమిర్చి, గుమ్మడికాయ ముక్కలు, బెంగుళూరు వంకాయ, బీన్స్, మొక్కజొన్న కండెలు, పక్కన బొప్పాయి, జామ కనిపిస్తాయి. ఆరు వందల ఏళ్ల కిందట వీటిలో ఏ ఒక్కటీ మన దేశంలో లేదు. అన్నీ అమెరికా ఖండాల పంటలే. వీటిలో చాలావాటిని మొదట సాగులోకి తెచ్చింది నేటి మెక్సికో, దాని చుట్టుపక్కల ఉన్న రైతులు.

ఆ మెక్సికోలో పెద్దకూరతో చేసే ఒక ఇంటివంట ఉంది. దాని పేరు మోలే దె ఓయా. ఎముకతో ఉన్న కాలిపిక్క మాంసాన్ని నీళ్లలో మెల్లగా ఉడికిస్తారు. ఎండుమిరపకాయల్ని కాల్చి, నానబెట్టి, నూరి ఆ ముద్దను కలుపుతారు. చివర్లో మొక్కజొన్న కండె ముక్కలు, బెంగుళూరు వంకాయ, బీన్స్ వేసి దించుతారు. ఇందులో మన దగ్గర దొరకని సరుకు దాదాపు లేదు. కాబట్టి ఈ వంటను మన పొయ్యి మీదే వండుకుంటూ, గిన్నెలో జరిగే మార్పులన్నీ ఒక్కొక్కటిగా చూద్దాం. ఎండుమిరప గుణమేమిటో, మాంసం ఎందుకు మెత్తబడుతుందో, మంట ఎంత ఉండాలో అన్నీ ఈ ఒక్క గిన్నెలోనే తెలుస్తాయి.

ఏ ముక్క కొనాలి

మన రాష్ట్రంలో 1977 నాటి చట్టం ఆవులను, దూడలను కోయడాన్ని నిషేధించింది. అందువల్ల పెద్దకూర కొట్లో దొరికేది చాలావరకు బర్రె, దున్నపోతు మాంసమే. దీన్ని చూడగానే గుర్తుపట్టవచ్చు. ముక్క ముదురు ఎరుపు, కొవ్వు తెల్లగా ఉంటాయి. కండరానికి ఎరుపునిచ్చే మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ ఈ మాంసంలో ఎక్కువ. మేతలోని పసుపు వర్ణకం కెరోటిన్‌ను బర్రె శరీరం విటమిన్ ఎ గా మార్చేస్తుంది. అందుకే కొవ్వుకు పసుపు రంగు అంటదు.

మెత్తటి కూర కావాలని చాలామంది తొడ భాగం అడుగుతారు. ఈ వంటకు అది పనికిరాదు. అడగాల్సింది పిక్క మాంసం, దాంతో పాటు నల్లిబొక్క. జంతువు రోజంతా దేని మీద నిలబడి నడుస్తుందో ఆ కండరం గట్టిగా ఉంటుంది. పచ్చి పిక్క ముక్కను అడ్డంగా కోసి వెలుతురులో చూస్తే, ఎర్రటి కండ కట్టల మధ్య వెండిరంగు పొరలు, తెల్లని నరాల్లాంటి గీతలు కనిపిస్తాయి. వండేవాళ్లు విసుక్కునే ఆ తెల్లని పొరే కొలాజెన్. కూర రుచికి, చిక్కదనానికి మూలం అదే.

ముక్క లోపల ఏం జరుగుతుంది

కొలాజెన్ అణువు మూడు పోగులు పేనిన తాడు లాంటిది. ఆ తాళ్లను పక్కపక్కన కట్టి ఉంచే రసాయన బంధాలు జంతువు వయసుతో పాటు పెరుగుతాయి. ముసలి పశువు మాంసం తొందరగా ఉడకకపోవడానికి కారణం ఇదే. ఆ పేనిన పోగులు విడిపోయి నీళ్లలో కలిస్తే దాని పేరు జెలటిన్. గట్టి మాంసం వండటం అంటే కొలాజెన్‌ను జెలటిన్‌గా మార్చడమే.

ఈ మార్పుకు వరస ఉంది. ముక్క లోపలి వేడి 50 డిగ్రీల సెల్సియస్ దాటేసరికి మయోసిన్ అనే కండర ప్రోటీన్ గడ్డకట్టడం మొదలవుతుంది. 60 దాటాక కొలాజెన్ పొరలు కుంచించుకుపోయి కండను పిండుతాయి, రసం బయటికి వస్తుంది. 65కు, 80కి మధ్య యాక్టిన్ అనే మరో ప్రోటీన్ కూడా బిగుస్తుంది. ముక్క అన్నిటికన్నా గట్టిగా ఉండేది ఈ దశలోనే. పొయ్యి మీద పెట్టి అరగంటో ముప్పావుగంటో అయ్యాక ఒక ముక్క తీసి నొక్కి చూసి, ఈ కూర ఉడకదేమో అని నిరాశపడేదీ ఇక్కడే. నిజానికి అసలు పని అప్పుడే మొదలైంది. 70 డిగ్రీలు దాటాక కొలాజెన్ మెల్లగా కరుగుతుంది. 85కు, 95కు మధ్య రెండున్నర, మూడు గంటలు ఉంచితే పిక్క ముక్క గరిటె అంచుతోనే విడిపోతుంది. కండరపు పోగులు అప్పటికే రసం కోల్పోయి ఉంటాయి. కానీ వాటి మధ్య కరిగిన జెలటిన్ నిండి ఉండటం వల్ల నమిలినప్పుడు నాలుకకు తడిగా, నునుపుగా తగులుతుంది.

మంట పెంచితే ఈ పని తొందరగా కాదా? మూత లేని గిన్నెలో కాదు. నీళ్లు తెర్లడం మొదలయ్యాక వేడి 100 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. మంట ఎంత పెంచినా ఆ శక్తి నీటిని ఆవిరి చేయడానికే పోతుంది, ముక్కకు అదనపు వేడి అందదు. పైగా జోరుగా తెర్లే నీళ్లలో ముక్కలు చెదురుతాయి, కొవ్వు సన్నని బిందువులుగా విరిగి శెర్వా మసకబారుతుంది. గిన్నె అంచున ఒకటి రెండు బుడగలు లేస్తూ ఉంటే చాలు, అదే సరైన సెగ.

మెక్సికో వంట పుస్తకాల్లో ఇచ్చిన వేళలు మనకు సరిగ్గా కుదరకపోవడానికీ కారణం ఇక్కడే ఉంది. మెక్సికో నగరం సముద్రమట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్లు 93 డిగ్రీలకు కొంచెం అటూ ఇటూగా మరిగిపోతాయి. మన మైదానంలో దాదాపు 100 డిగ్రీలకు గానీ మరగవు. అక్కడ నాలుగు గంటలు పట్టే కూర ఇక్కడ అంతకన్నా ముందే ఉడుకుతుంది.

పచ్చి బొప్పాయి ముక్క వేస్తే తొందరగా మెత్తబడుతుందన్నది కూడా నిజమే. బొప్పాయి పాలలోని పపైన్ అనే ఎంజైమ్ ప్రోటీన్లను కత్తిరిస్తుంది. అయితే అది కొలాజెన్‌ను మాత్రమే ఎంచి కత్తిరించదు, కండ పోగుల్నీ తెంచుతుంది. మాంసం ముద్దగా మారాల్సిన హలీం లాంటి వంటకు అది సరిపోతుంది. ముక్క ముక్కగానే నిలవాల్సిన ఈ కూరకు అవసరం లేదు.

ఈ సంగతి ముందే తెలిసినవాళ్లు

కొలాజెన్ అనే మాట వినకముందే ఈ సూత్రం తెలిసిన వంటగదులు మన ఊళ్లలో ఉన్నాయి. పశువును కోసినప్పుడు మెత్తని కండ ఎవరికి పోయినా, కాళ్లు, తలకాయ, బోటి, బొక్కలు మిగిలిన ఇళ్లలో ఆ జ్ఞానం పెరిగింది. మాల మాదిగ వాడల్లో, ముస్లింల ఇళ్లలో వండే నల్లిబొక్కల శెర్వా, తెల్లవార్లూ సన్నని సెగ మీద ఉడికే పాయా రెండూ కొలాజెన్‌ను జెలటిన్ చేసే పద్ధతులే. పాయా తాగాక పెదవులు అంటుకుంటాయి. అది జెలటిన్ చేసే పని.

వట్టి తునకలు కూడా అంతే. మాంసాన్ని పొడవాటి పేలికలుగా కోసి, ఉప్పు, పసుపు రాసి, తాడు మీద వేలాడదీసి ఎండలో ఎండబెడతారు. ఉప్పు, ఎండ కలిసి నీటిని లాగేస్తే సూక్ష్మజీవులకు బతికే వీలుండదు. ఫ్రిజ్ లేని కాలంలో వానాకాలం దాకా నిలవ ఉన్న ప్రోటీన్ అది. ఉత్తర మెక్సికోలో మచాకా పేరుతో ఇదే పని చేస్తారు. ఎండిన పెద్దకూరను దంచి, మిరప, టమాటాలతో మళ్లీ ఉడికిస్తారు. రెండు చోట్లా ఎండ ఒకటే, అవసరం ఒకటే. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోకుండానే ఇద్దరూ ఒకే పద్ధతి కనుక్కున్నారు.

ఈ వంటల్ని తక్కువగా చూసే అలవాటు మన సమాజంలో ఉంది. శాస్త్రం కళ్లతో చూస్తే ఆ అలవాటుకు ఆధారమే లేదు. మెత్తని కండను ఎవరైనా పది నిమిషాల్లో వండగలరు. గట్టి కండను రుచిగా మార్చడానికి వేడి, నీరు, వేళ మూడింటి లెక్క తెలియాలి. శాస్త్రాన్ని తెలుగులో రాసిపెట్టే పనిలో మునగాలకు గౌరవమైన చోటు ఉంది. ఒకప్పటి మునగాల సంస్థానంలో దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావు 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని స్థాపించి, చరిత్రనూ శాస్త్రాలనూ తెలుగులో అచ్చువేయించారు. ఆయన మొదలుపెట్టిన పని ఈ వాడల వంటగదుల దాకా రావాలి. అక్కడి తల్లులకు తెలిసిన లెక్కలు కూడా తెలుగు శాస్త్ర గ్రంథాల్లో రాసి ఉంచదగినవే.

మిరప చేసే పని

మెక్సికోలో మిరపను వేల ఏళ్ల కిందటే సాగు చేశారు. పోర్చుగీసు ఓడల వెంట పదహారో శతాబ్దంలో మన తీరానికి వచ్చింది. అంతకుముందు మన కూరలకు కారం ఇచ్చింది మిరియాలు. ఎదురు దారిలో మన వైపు సరుకులూ అటు వెళ్లాయి. పశువుల్ని స్పెయిన్ వాళ్లు ఓడల్లో తీసుకెళ్లారు. జీలకర్ర, లవంగం, దాల్చినచెక్క కూడా అటు చేరాయి. కాబట్టి మెక్సికో పెద్దకూరలో పాత ప్రపంచపు పశువు, సుగంధ ద్రవ్యాలు, కొత్త ప్రపంచపు మిరప, టమాటా కలిసి ఉడుకుతాయి. మన కూర సంగతీ అంతే.

కారానికి కారణం క్యాప్సైసిన్. అది గింజల్లో ఉంటుందని చాలామంది నమ్ముతారు. నిజానికి అది తయారయ్యేది గింజలు అంటి ఉండే లోపలి తెల్లని పొరలో. గింజలకు తగిలేది ఆ పొర నుంచి అంటినదే. క్యాప్సైసిన్ నాలుక మీద టిఆర్‌పివి1 అనే గ్రాహకాన్ని తాకుతుంది. 43 డిగ్రీలు దాటిన వేడిని పసిగట్టే గ్రాహకం కూడా అదే. అందుకే కారం తింటే మెదడుకు మంట అనే కబురు వెళ్తుంది. 1997లో ఈ గ్రాహకాన్ని గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పరిశోధనకు సాధనం మిరపలోని ఆ పదార్థమే. పక్షుల గ్రాహకానికి క్యాప్సైసిన్ తగలదు. చిలుకలు మిరపపండ్లు హాయిగా తిని, గింజల్ని దూరదూరాలకు చేరుస్తాయి.

క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. కారం తగిలితే నీళ్లకన్నా పెరుగు, మజ్జిగ మేలు చేయడానికి కారణం పాలలోని కేసిన్ ప్రోటీన్, కొవ్వు దాన్ని పట్టుకుని లాగేయడమే. మిరప ఎరుపునిచ్చే క్యాప్సాంతిన్ కూడా కొవ్వులోనే కరుగుతుంది. అందుకే మిరప ముద్దను నూనెలో గోలిస్తారు.

మెక్సికో వంటకు ఎక్కువగా వాడే గువాహీయో, ఆంచో మిరపకాయలకు రంగు, వాసన ఎక్కువ, కారం తక్కువ. మనకు వాటికి సరిపోయేది వరంగల్ చపాటా మిర్చి. టమాటాలా గుండ్రంగా ఉండి, ఎర్రటి రంగు, తక్కువ ఘాటు ఉండే ఈ రకానికి 2025లో భౌగోళిక గుర్తింపు లభించింది. అది దొరక్కపోతే బ్యాడిగి వాడొచ్చు. ఖమ్మం మార్కెట్‌కు రాశులుగా వచ్చే తేజ మిర్చి మాత్రం ఒకటి రెండు కాయలకు మించకూడదు. ఈ కూరకు మిరపకాయ కారం కోసమే కాదు, ముద్దకూ చిక్కదనానికీ కావాలి. ఘాటైన కాయలు పది వేస్తే తినలేం, రెండు వేస్తే చిక్కదనం రాదు.

గోలించడంలో రసాయనం

ముక్కల్ని ముందుగా గోలిస్తే రసం లోపలే బంధించబడుతుందని పంతొమ్మిదో శతాబ్దంలో జర్మన్ రసాయన శాస్త్రవేత్త యుస్టుస్ ఫాన్ లీబిగ్ చెప్పాడు. ఆ మాట తప్పని తర్వాత ప్రయోగాల్లో తేలింది. గోలించిన ముక్కలోంచీ రసం కారుతూనే ఉంటుంది. పెనం మీద వినిపించే చిటపట చప్పుడే ఆ రసం ఆవిరవుతున్న చప్పుడు. అయినా గోలించాల్సిందే, రుచి కోసం. 140 డిగ్రీలు దాటాక మాంసంలోని అమైనో ఆమ్లాలు, చక్కెరలు కలిసి వందలాది సువాసన పదార్థాలు పుడతాయి. 1912లో దీన్ని వివరించిన ఫ్రెంచి వైద్యుడు లూయీ కామీ మయార్ పేరు మీద దీన్ని మయార్ చర్య అంటారు. తడి ఉన్నంతసేపు ముక్క ఉపరితలం 100 డిగ్రీలు దాటదు. అందుకే ముక్కల్ని బట్టతో తుడిచి, గిన్నె నిండా కుక్కకుండా కొద్దికొద్దిగా గోలించాలి. ఒకేసారి పోస్తే నీరు ఊరి, ముక్కలు గోలడానికి బదులు ఉడికిపోతాయి.

వండే తీరు

కిలో పిక్క మాంసం, రెండు మూడు నల్లిబొక్కలు తీసుకోండి. ముక్కలు పెద్దవిగా ఉండాలి. వండటానికి గంట ముందు ఉప్పు పట్టించండి. ఉప్పు లోపలికి దిగి కండ పోగులు నీటిని పట్టుకునేలా చేస్తుంది.

పది చపాటా మిరపకాయల ముచ్చికలు తీసి, గింజలు, తెల్ల పొర రాల్చండి. పెనం మీద సన్నని సెగన అర నిమిషానికి మించకుండా రెండువైపులా వెచ్చచేయండి. రంగు కాస్త మారి వాసన రాగానే తీసేయాలి, నల్లబడితే చేదు. వాటిని వేడినీళ్లలో 20 నిమిషాలు నానబెట్టండి. నాలుగు టమాటాలు, ఒక ఉల్లిగడ్డ, ఎనిమిది ఎల్లిపాయ రెబ్బల్ని అదే పెనం మీద మచ్చలు పడేదాకా కాల్చండి. ఇవన్నీ, అర చెంచా జీలకర్ర, మూడు లవంగాలు, చిన్న దాల్చినచెక్క ముక్క, ఆరు మిరియాలు, పావు చెంచా వాము కలిపి మెత్తగా నూరండి. మెక్సికో ఒరెగానో వాసనకు మూలం కార్వక్రాల్, థైమాల్ అనే నూనెలు. మన వాములో థైమాల్ నిండుగా ఉంది. వాకిట్లో వామాకు మొక్క ఉంటే రెండు ఆకులు వేయండి, ఇంకా దగ్గరగా ఉంటుంది.

మందపాటి గిన్నెలో నూనె కాచి ముక్కల్ని గోలించి తీసిపెట్టండి. అదే నూనెలో మిరప ముద్ద పోయండి. మొదట అది చిమ్ముతూ ఎగురుతుంది, అందులో ఇంకా నీరుందని అర్థం. పది నిమిషాలు కలుపుతుంటే చిమ్మడం తగ్గుతుంది, చప్పుడు సన్నబడుతుంది, ముద్ద గరిటెకు అంటి ముదురు రంగుకు తిరుగుతుంది, అంచుల్లో ఎర్రటి నూనె ఊరుతుంది. నూనె తేలేదాకా వేయించాలని మన ఇళ్లలో చెప్పేది ఈ గుర్తునే. నీరు పోయింది కాబట్టి వేడి 100 దాటింది, ఎరుపూ కారమూ నూనెలోకి దిగాయి, పచ్చివాసన పోయింది. ఇన్ని సంగతుల్ని ఒక్క చూపులో చెప్పే గుర్తు అది.

ఇప్పుడు ముక్కలు, బొక్కలు, లీటరున్నర వేడినీళ్లు పోసి, తెర్లగానే మంట తగ్గించి, మూత ఓరగా పెట్టండి. రెండున్నర గంటల తర్వాత మొక్కజొన్న కండె ముక్కలు, ఇంకో పది నిమిషాలకు బెంగుళూరు వంకాయ ముక్కలు, చివరి పది నిమిషాల్లో బీన్స్ వేయండి. దించాక కొత్తిమీర, నిమ్మరసం. నిమ్మ వాసన తొందరగా ఎగిరిపోయేది, అందుకే వడ్డించేటప్పుడు పిండాలి.

అంత సేపు పొయ్యి దగ్గర ఉండలేనివాళ్లకు కుక్కరుంది. అందులో ఆవిరి ఒత్తిడి వల్ల వేడి 120 డిగ్రీల దాకా చేరుతుంది, కొలాజెన్ ముప్పావుగంటలో కరుగుతుంది. 1679లో ఫ్రెంచి శాస్త్రవేత్త డెనీ పపాఁ లండన్ రాయల్ సొసైటీకి చూపిన మొదటి ఒత్తిడి పాత్ర ఉద్దేశమే ఎముకల్ని మెత్తబరచడం. పాత్ర పగలకుండా దానికి ఆవిరి వదిలే కవాటం అమర్చిందీ ఆయనే. విజిల్ వచ్చాక మంట తగ్గించండి, చివర్లో ఒత్తిడి దానంతట అది దిగనివ్వండి. ఒక్కసారిగా ఆవిరి వదిలితే ముక్కలోని నీరు మరిగి బయటికి పోయి, కూర ఎండినట్టవుతుంది.

దేనితో తినాలి

మెక్సికోలో దీనితో మొక్కజొన్న రొట్టె తింటారు. వాళ్లు మొక్కజొన్నల్ని సున్నపు నీళ్లలో ఉడికించి, కడిగి, ఆపైన రుబ్బుతారు. సున్నం వల్ల గింజలో బిగిసి ఉన్న నయాసిన్ అనే విటమిన్ శరీరానికి అందుతుంది. యూరప్ వాళ్లు మొక్కజొన్నను తీసుకెళ్లారు గానీ సున్నం పద్ధతిని తీసుకెళ్లలేదు. మొక్కజొన్న మీదే బతికిన పేదల్లో చర్మం పగిలి, మతి చెదిరి, ప్రాణం తీసే పెల్లాగ్రా జబ్బు ప్రబలింది.

ఈ జబ్బు కథలో మన తెలంగాణకూ భాగం ఉంది. దక్కనులో జొన్న ముఖ్యాహారంగా తినే పేదల్లోనూ పెల్లాగ్రా కనిపించింది. తర్వాత జాతీయ పోషకాహార సంస్థగా పేరు మారిన హైదరాబాద్ పరిశోధనశాలలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా దీన్ని అధ్యయనం చేసి, జొన్నలో ఎక్కువగా ఉన్న ల్యూసిన్ దీనికి కారణం కావచ్చని 1960లో వాదించారు. ఆ వాదం మీద చర్చ చాలాకాలం సాగింది. మాంసంలో నయాసిన్ ఉంది, శరీరం నయాసిన్‌గా మార్చుకోగల ట్రిప్టోఫాన్ కూడా ఉంది. జొన్న రొట్టె పక్కన పెద్దకూర ఉంటే ఆ లోటు తీరుతుంది.

ఇనుము సంగతీ అలాంటిదే. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఎర్రని మాంసంలోని ఇనుమును శరీరం ఆకుకూరల ఇనుముకన్నా సులువుగా పీల్చుకుంటుంది. పైగా అదే పళ్లెంలోని రొట్టె, కూరగాయల్లో ఉన్న ఇనుము కూడా బాగా వంటపట్టేలా చేస్తుంది. ఇంట్లో మాంసం వండిన రోజు స్త్రీలు చివర తిని శెర్వాతో సరిపెట్టుకునే అలవాటు మారాలి. వాళ్లకు ముక్క దక్కాలి.

మిగిలిన కూర

ఈ కూర మరునాటికి ఇంకా బాగుంటుంది. కానీ గిన్నెను రాత్రంతా పొయ్యి మీదే వదలకండి. క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా బీజాలు మరిగినా చావవు. కూర మెల్లగా చల్లారుతుంటే మేల్కొంటాయి. వాటికి అన్నిటికన్నా నచ్చే వేడి 43కు, 47కు మధ్య. మే నెలలో మన సూర్యాపేట జిల్లాలో ఎండ 44, 45 డిగ్రీలు చేరే రోజులున్నాయి. కూరను వెడల్పు గిన్నెల్లోకి పంచి చల్లార్చి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. తినేముందు పొగలు కక్కేదాకా మళ్లీ తెర్లించండి.

చేసి చూడండి

పావుకిలో పిక్క మాంసం, పావుకిలో మెత్తని తొడ కండ కొనండి. రెండింటినీ వేరువేరు గిన్నెల్లో, ఒకే కొలత నీళ్లతో, ఉప్పు మాత్రమే వేసి, ఒకే సెగన మూడు గంటలు ఉడికించండి. ముక్కలు తీసి రుచి చూడండి. శెర్వాల్ని వడకట్టి, నీళ్ల కొలత సమానంగా ఉండేలా సరిచేసి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. తెల్లారి గిన్నెల్ని వంచి చూడండి. పిక్క శెర్వా గడ్డకట్టి కదలదు, తొడ శెర్వా చాలావరకు పారుతుంది. తొడ ముక్క పీచుపీచుగా, పొడిగా ఉంటుంది. పిక్క ముక్క మెత్తగా, తడిగా ఉంటుంది. పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని ఈ తేడాను కాగితం మీద రాయించండి. తక్కువ మాంసమని పేరుపడ్డ ముక్కే గెలవడాన్ని వాళ్లు తమ చేతులతో తేల్చుకుంటారు. అలా తేల్చుకున్న నిజాన్ని ఎవరి మాటా చెరపలేదు.